పింగళి కంపెనీ గుమ్మం మీది పేరంటాలు

నేను ఒక ముఖాన్ని. ఒట్టి ముఖాన్నే. మెడ లేదు, ఒళ్ళు లేదు, ఈగ వాలితే తోలుకోవడానికి చెయ్యి లేదు. కాకినాడలో ఉప్పుటేటి ఒడ్డున ఒక పాత మేడ ఉంది. దాని సింహద్వారం మీది కమానుకు నడినెత్తిన, మిగతా రాళ్ళన్నీ జారిపడకుండా బిగించే రాయి ఒకటుంది. ఆ రాతి మీద గచ్చుతో చేసిన ముఖాన్ని నేను. ఇప్పుడు నా ఎడమ కన్నుకు అడ్డంగా ఎరువుల కొట్టువాడి బోర్డు ఒకటి వేలాడుతోంది. సగం ఊరే కనిపిస్తుంది. చూసినంత చూశాను, ఆ సగం చాల్లెండి.

ముసలి నస అని విసుక్కోకండి. ముసలిదాన్నా, ముసలివాణ్ణా అన్నది ముందు ముందు మీరే తేల్చుకోండి. నాకైతే ఇప్పటికీ తేలలేదు.

ఈ మేడ కట్టించింది ప్రింగిల్ అండ్ మోబ్రే కంపెనీ. మోబ్రే అనేవాణ్ణి కాకినాడలో ఎవరూ చూడలేదు. ప్రింగిల్ దొర మాత్రం మా వాళ్ళ నోళ్ళలో నాని నాని పింగళి దొర అయ్యాడు, కంపెనీ పింగళి కంపెనీ అయింది. "పింగళి వారంటే మన నియోగులే కదండీ, మరి ఆ టోపీ ఏమిటండీ?" అని ఒక పంతులుగారు నిజంగానే ఆరా తీశారు. రాణిగారి జూబిలీ జరిగిన ఏడు పునాది పడింది. లోపల అమ్మేది ఆముదాలూ నువ్వులూ. బయటి వేషం చూస్తే మాత్రం మహారాజులు కూడా గుమ్మంలో జోళ్ళు విప్పాల్సిందే. మేడ ఎంత ఎత్తుంటే వర్తకుడి మాట అంత చెల్లుతుందని ఆ రోజుల్లో దొరల నమ్మకం.

లండన్‌లో ఎవడో బొమ్మ గీసి పంపాడు. స్తంభాల నెత్తిన గ్రీకు దేశపు ముళ్ళాకులు గీస్తే, మా పనివాళ్ళ చేతుల్లో అవి అరటి దొప్పలయ్యాయి. చూరు కింద పొడుగునా నోట్లో పళ్ళలాంటి గచ్చు వరస. పై వరండాకు ఓడలో దిగిన ఇనప కటకటాలు. కిటికీల పైన అర్ధచంద్రాల్లో రంగు అద్దాలు. సాయంత్రపు ఎండ ఆ ఎర్ర అద్దంలోంచి దిగితే గుమాస్తాలందరూ నెత్తుటి మడుగులో కాళ్ళు పెట్టుకుని రాసుకుంటున్నట్టుండేది. ఇక కప్పు నాలుగు మూలలా నాలుగు రాతి కుండలు. దొరల దేశంలో అవి పోయినవాళ్ళ బూడిద దాచే కుండలట, అందం కోసం ఇళ్ళ మీద పెట్టుకుంటారట. మా వాళ్ళు పూర్ణకుంభాలనుకుని కిందనుంచి దణ్ణాలు పెట్టారు. కాదని చెప్పేవాళ్ళు లేక అలాగే చెల్లిపోయింది.

నా సంగతికి వస్తాను. కమాను నడుమ వర్తకుల దేవుడి తల ఉండాలని కాగితంలో ఉంది. ఆయన పేరేదో ఉంది, నాకు నోరు తిరగదు. మగవాడు. టోపీ పెట్టుకుంటాడు, టోపీకి రెండు పక్కలా పక్షి రెక్కలు. కాగితం మీద ఆ తల బొటనవేలి గోరంత ఉంది. బొమ్మల మేస్త్రి బుచ్చన్న దాన్ని ఎండకు పట్టి చూశాడు, నీడకు పట్టి చూశాడు. గోపురాల మీద వెయ్యి దేవుళ్ళను నిలబెట్టినవాడే గానీ టోపీ దేవుణ్ణి ఎన్నడూ ఎరగడు. "ముఖం ఎలా ఉండాలి దొరా?" అని అడిగితే, "నవ్వుతూ ఉండాలి. లోపలికొచ్చేవాడికి ధైర్యం కలగాలి" అన్నాడు పింగళి దొర.

నవ్వే ముఖం కోసం బుచ్చన్న చుట్టూ చూశాడు. ఎదురుగా సున్నపు గానుగ తిరుగుతోంది. లోవయ్య ఎడ్లు తోలుతున్నాడు. అతని పెళ్ళాం నూకరత్నం గానుగలో ఇసకా బెల్లపు నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోస్తూ నవ్వుతోంది. దేనికి నవ్వుతుందో ఆమెకే తెలియదు. ఎద్దు పేడ వేస్తే నవ్వు, దొర బూటు బురదలో దిగబడితే నవ్వు. ముందు పెదవి ఎడమ కొస లేచేది, ఆనక కుడి కొస దాని వెంట వెళ్ళేది. ఆ నవ్వును బుచ్చన్న ఆమె రుబ్బిన సున్నంతోనే ఎత్తి నాకు పెట్టేశాడు. ఆమె ముక్కూ వచ్చింది, బుగ్గలూ వచ్చాయి. టోపీ రెక్కలు అంతుబట్టక, కొప్పులో రెండు పక్కలా తురుముకున్న మొగలిరేకుల్లా మలిచాడు. దొర తలెత్తి చూసి బాగుందన్నాడు. అదీ నా పుట్టుక. లండన్‌లో మగవాణ్ణి, కాకినాడకు వచ్చేసరికి మొగలిపూలు ముడిచిన ఆడదాన్ని.

ఇంతటితో ఆగితే ఎంత బాగుండేది! పనివాళ్ళు ఊరుకుంటారా? "ఒరే లోవయ్యా, నీ పెళ్ళాం దొర గుమ్మం ఎక్కేసిందిరోయ్!" అని గానుగ చుట్టూ మూగి ఇకఇకలు పకపకలు. లోవయ్య చెడ్డవాడు కాడు గానీ చెవులు పల్చన. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆమెను చితక్కొట్టాడు. పొద్దున్నే ఆమె వచ్చి నా కింద నిలబడింది. ఒక బుగ్గ వాచి ఉంది. చాలాసేపు నన్నే చూసి, "నేనింత నవ్వుతానా?" అంది. నాతోనే అంది. అటునుంచటే రేవుకు వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లో రంగం పోయేవాళ్ళతో రేవు కిటకిటలాడేది. రంగూన్‌ను మా వాళ్ళు రంగమనే అంటారు. మా రేవులో నీళ్ళు లోతుండవు, ఓడ ఎక్కడో నడిసముద్రంలో ఆగుతుంది, పడవల మీద వెళ్ళి ఎక్కాలి. ఆ రోజు రెండు పడవలు బయల్దేరాయి. రెండోది ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటం కింద బోర్లా పడింది. ఒక్కరూ మిగల్లేదు. నూకరత్నం మొదటి పడవలో వెళ్ళి, అప్పటికే ఓడెక్కి కూర్చుంది. ఆ సంగతి ఇక్కడెవరికీ తెలియదు. రెండో పడవ దగ్గర ఆమెను కళ్ళారా చూశానని ఎవడో అన్నాడు. అన్నవాడు ఒక్కడుంటే చాలదూ!

లోవయ్య పరిగెత్తుకొచ్చి నా కింద కూలబడ్డాడు. తలెత్తి చూస్తే పెళ్ళాం నవ్వుతోంది. నిన్న సాయంత్రం కొట్టిన పెళ్ళాం, సముద్రంలో పోయిన పెళ్ళాం, పైనుంచి నవ్వుతోంది. ఆ మనిషి ఏడ్చిన ఏడుపు ఇంకొకడు ఏడవగా నేను వినలేదు. మూడో నాటికి కలలోకి వచ్చి పసుపూ కుంకుమా అడిగిందన్నాడు. మొగుడుండగా ముత్తైదువ చావు చచ్చిన ఆడది పేరంటాలవుతుంది, ఊరిని కాస్తుంది, పూజ అడుగుతుంది. ఇది మా వైపు అందరికీ తెలిసిన మాటే. అందులో తప్పేం లేదు. చచ్చినదెవరో చూసుకోవాల్సింది, అంతే.

పేటలో ఆడవాళ్ళు నిచ్చెన వేసుకుని వచ్చి నా ముఖానికి పసుపు పూశారు, కుంకుమ పెట్టారు. వర్తకుల దేవుడి నుదుట రూపాయి కాసంత బొట్టు! దొర మొదట అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఆ ఏడు కంపెనీ ఓడలన్నీ తుఫాను తప్పించుకుని క్షేమంగా చేరేసరికి చల్లబడి, ఏటా ఒక చీర తన ఖర్చు మీద ఇప్పించాడు. దొరలకు మూఢనమ్మకాలు లేవంటారు. లాభం వచ్చే నమ్మకమైతే ఎవరికైనా ఉంటుంది.

రంగం నుంచి నూకరత్నం ఒకసారి కబురు పంపింది. "బాగానే ఉన్నాను, పిల్ల జాగ్రత్త" అని ఒక ఓడ కలాసీ చేత. ఆ వెర్రివాడు వచ్చి నా గుమ్మంలోనే ఆ మాట చెప్పాడు. ఆడవాళ్ళు గుండెల మీద చెయ్యేసుకున్నారు. "తల్లీ! రంగంలో కూడా కనపడిందంటమ్మా!" అని ఇంకో నాలుగు కొబ్బరికాయలు కొట్టారు. కలాసీ తాను చూసింది దయ్యాన్నని తెలిసి జ్వరం తెచ్చుకున్నాడు.

నాకు మాత్రం ఆ పూజలు ఒంటికి పట్టలేదు. ఎందుకంటారా? ఆ పడవలో నిజంగా పోయినవాళ్ళున్నారు. వాళ్ళ ముఖాలు ఎవరూ చెయ్యలేదు. తూర్పు గాలి తిరిగిన మధ్యాహ్నాలు, గుమాస్తాలు అన్నాలకు వెళ్ళినప్పుడు, ఖాళీ వరండాలో తడి అడుగుల చప్పుడు వినిపించేది. నేల పొడిగానే ఉండేది. వాళ్ళు వచ్చి కమాను కింద ఆగి తలెత్తి చూసేవారని నాకు తెలుస్తూనే ఉండేది. ఏమీ అడిగేవారు కాదు. అడిగితే ఏం చెబుదును? మీకు రావలసిన పసుపు నా ముఖాన ఎండిపోతోందని చెప్పనా? నాకు భయం వేసేది. సున్నానికి భయమేమిటని నవ్వకండి.

నూకరత్నం వెళ్ళేనాటికి ఆమె కూతురు మరిడికి నాలుగేళ్ళు. తల్లి లేని పిల్లను చూసి ఊరు జాలిపడుతుంది. పేరంటాలు కూతుర్ని చూసి ఊరు దణ్ణం పెడుతుంది. నిచ్చెన ఎక్కగలిగే వయసు వచ్చిన దగ్గర్నుంచి శుక్రవారం శుక్రవారం నా ముఖం కడిగేది మరిడే. చింతపండుతో పాత పసుపు వదలగొట్టి, చీర చెంగుతో తుడిచి, కొత్త పసుపు రాసేది. రాస్తూ కబుర్లు చెప్పేది. "అమ్మా, నానమ్మ తిట్టింది." "అమ్మా, నాకు పెళ్ళంట." "అమ్మా, కడుపు పోయిందే, మళ్ళీ పోయిందే." ఆ పిల్ల వేళ్ళు నా ముక్కునీ కనుబొమల్నీ కళ్ళు మూసుకుని గుర్తుపట్టగలవు. లోవయ్య కింద నిచ్చెన పట్టుకునేవాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పేరంటాలు మొగుడికి పిల్లనెవడిస్తాడు!

ఒక శుక్రవారం మిట్టమధ్యాహ్నం బక్కపల్చటి ముసలిది ఒకతె రేవు వైపు నుంచి మూట పట్టుకుని వచ్చి నా ఎదుట నిలబడింది. పళ్ళు సగం లేవు, జుట్టు ఊడిపోయింది, బియ్యపు మిల్లుల దుమ్ము తిని ఊపిరి పిల్లికూతలు పెడుతోంది. తలెత్తి నన్ను చూసింది. నేనూ చూశాను. నా ఒళ్ళు జలదరించింది. ఒళ్ళంటూ లేదు, అయినా జలదరించింది.

మెట్ల మీద గాజులమ్మే ఆవిణ్ణి అడిగింది. "ఎవరమ్మా ఈ తల్లి?"

"తెలవదా? నూకరత్నం పేరంటాలమ్మ. శానా మహిమ గల తల్లి."

"ఎలా పోయింది?"

"పడవ మునిగిపోయి సచ్చిపోయింది పాపం. సిన్న వయసు. మా అత్త కళ్ళారా సూసిందంట, నీళ్ళలోంచి సెయ్యి ఒక్కటే పైకి లేచిందంట, సేతినిండా గాజులంట."

ముసలిది తన చేతులకేసి చూసుకుంది. నవ్వొచ్చినట్టుంది, పెదవి ఎడమ కొస లేచింది. కుడి కొస లేవలేదు. మూట దించి మెట్టు మీద కూర్చుంది. తన చావు గురించి ఇంకా ఇంకా అడిగి చెప్పించుకుంది. గాజులావిడ ఓపిగ్గా అంతా చెప్పింది, లేనిది కూడా కలిపి.

సాయంత్రం నిచ్చెన తీసుకెళ్ళడానికి లోవయ్య వచ్చాడు. "ఏమయ్యా, ఎడ్లు బాగున్నాయా?" అంది స్తంభం పక్కనుంచి.

ఆ గొంతు వినగానే అతను నిచ్చెన వదిలేశాడు. గోడకు ఆనుకుపోయి, "సచ్చిపోయేవే నువ్వు" అన్నాడు.

"నా కాళ్ళు చూడు. ఎనక్కి తిరిగున్నాయా?"

లోవయ్య నిజంగానే వంగి చూశాడు. ఆ పగిలిన పాదాలు ముందుకే ఉన్నాయి. అప్పుడు కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఇన్నేళ్ళూ ఏమైపోయేవే?"

"రేపెల్దాం, ఎల్లుండెల్దాం అనుకుంటానే ఉన్నాను. జొరాలొచ్చాయి. తరవాత సిగ్గేసింది. నా పిల్ల ఏదయ్యా? ఒక్కసారి అమ్మా అంటే ఇనేసి పోతాను. మరింకేం అడగను."

లోవయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "అది సూలాలు. రెండుసార్లు కడుపు పోయింది. ఈసారి నిలబడింది అమ్మ సలవే అని దాని నమ్మకం. ఆ నమ్మకం మీదే తింటంది, పడుకుంటంది. నువ్వు బతికున్నావంటే ఏటవుద్దో తెలుసా? సచ్చిన తల్లి పిల్లని వొదిలెయ్యదే. బతికున్న తల్లే వొదిలేసి పోద్ది. నాలుగేళ్ళ దాన్ని పక్కలోంచి ఇదిలించుకుని నువ్వు లేచిపోయేవని దానికి తెలవాలా?"

"నువ్వు కొట్టేవని కూడా తెలుద్ది."

"తెలవనీ. నన్ను తిట్టుకోనీ, ఉమ్మెయ్యనీ, నాకేటి? దాని పేనం మీదకొత్తేనే?"

ఆమె మూట దగ్గరికి లాక్కుని మెట్టు మీద కూలబడింది. లోవయ్య తన పరువు కోసం ఆ మాట అన్నాడా, కూతురి కోసం అన్నాడా అని చాలా ఏళ్ళు తర్కించుకున్నాను. రెండూ ఉన్నాయి. మనుషుల్లో ఏదీ అచ్చంగా ఒక్కటే ఉండదు, నా సున్నంలో ఇసకా బెల్లమూ కలిసినట్టు.

మర్నాటి నుంచి ఆమె కంపెనీ మెట్లు ఊడ్చడం మొదలెట్టింది. ఊడ్చేదాని ముఖం ఎవరు చూస్తారు? నలభై దాటిన మనిషిని ఊరంతా ముసలిదనే అనుకుంది. శుక్రవారం మరిడి వస్తే చీపురు పక్కన పెట్టి, స్తంభం మొదట్లో ఒదిగి కూర్చునేది. మరిడి కొబ్బరిచెక్క ఇచ్చి "తిను మామ్మా" అనేది. మా వైపు ఏ ముసలిదాన్నైనా అలాగే అంటారు. ఆమె ఆ చెక్క తినకుండా చెంగున కట్టుకునేది. "అమ్మా, ఈసారి బిడ్డను దక్కించమ్మా" అని మరిడి తలెత్తి పిలిస్తే, ఆ పిలుపు కింద కూర్చున్నదాని నెత్తి మీదుగా వచ్చి నాకు తగిలేది. నావి కాని పిలుపులు ఎన్ని తీసుకున్నానో! ఆమె మాత్రం ఆ పిలుపు వినబడే వేళకు కళ్ళు మూసుకుని, తననే అన్నారని అనుకునేదనుకుంటాను. ముఖంలో అంత వెలుగు వచ్చేది. చూడలేక నేను చూపు తిప్పుకుందామంటే తల తిరగదు కదా.

మరిడికి నెలలు నిండాయి. నిచ్చెన ఎక్కే ఒళ్ళు కాదు. ఒక శుక్రవారం పసుపు గిన్నె పట్టుకుని వచ్చి అటూ ఇటూ చూసి, "మామ్మా, నువ్వు ముత్తైదువ్వేనా?" అని అడిగింది.

లోవయ్య నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

"ఆఁ, మా ఆయన బతికే ఉన్నాడమ్మా" అంది ముసలిది.

"ఎక్కడ?"

"ఈ ఊళ్ళోనే."

"మరి నిన్ను చూడడా?"

"చూత్తానే ఉన్నాడమ్మా. ఇయ్యి, నేనెక్కుతాను."

ఎక్కింది. ఒక్కొక్క మెట్టూ దమ్ము తీసుకుంటూ ఎక్కింది. లోవయ్య నిచ్చెన పట్టుకున్నాడు గానీ తల ఎత్తలేదు. నా ముఖానికి ఎదురుగా ఆమె ముఖం వచ్చింది. ఇద్దరం ఒకరినొకరం అంత దగ్గరగా చూసుకోవడం అదే మొదలు. నేను పుట్టినప్పటిలాగే ఉన్నాను. ఆమె అరిగిపోయి ఉంది. పసుపు ముద్ద చేతిలో పట్టుకుని, నాకు మాత్రమే వినపడేలా, "ఏమే, సుఖంగా ఉన్నావా?" అంది. "నా చీరలు కట్టుకున్నావు. నా పిల్లని పెంచేవు. పెళ్ళి కూడా చేసేవు. నా బతుకంతా నువ్వే బతికేసేవు కదే ముండా" అంది. అని నా బుగ్గలకు పసుపు రాసింది. ఎంత మెత్తగా రాసిందో! తిట్టిన నోరూ రాసిన చెయ్యీ ఒక్క మనిషివేనా అనిపించింది. కుంకుమ దిద్దేటప్పుడు బొట్టు కాస్త వంకర పోయింది.

కిందనుంచి మరిడి కన్నార్పకుండా మా ఇద్దరినీ చూస్తూ నిలబడింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, గిన్నె అక్కడే మరిచిపోయి ఇంటికెళ్ళిపోయింది.

ఆ మీదట ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. పేటంతా నా మహిమే అన్నారు. నేను చేసిందేమిటి? గోడకు అతుక్కుని ఉన్నాను. పురిటి శుద్ధి అయ్యాక మరిడి పిల్లను తెచ్చింది, నూకరత్నమనే పేరు పెట్టుకుంటానని నాకు చెప్పుకోవడానికి. లోవయ్య నిచ్చెన వేశాడు. ముసలిది చీపురు పక్కన పెట్టి, ఎప్పటిలాగే స్తంభం మొదట్లో ఒదిగింది. మరిడి తిన్నగా ఆమె దగ్గరికి వెళ్ళి, "కాస్త పట్టుకో" అని పిల్లను ఆమె ఒళ్ళో పెట్టి నిచ్చెన ఎక్కింది. ఈసారి మామ్మా అని పిలవలేదు. నేను గమనించాను.

పైకి వచ్చి, నా ముఖం కడుగుతూ, నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"అమ్మా, నాకు తెలుసమ్మా. ఆ రోజు ఆవిణ్ణి నీ పక్కకి ఎక్కించింది రెండు ముఖాలూ కలిపి చూసుకోవడానికే. చిన్నప్పట్నించీ ఈ ముఖం కడుగుతున్నాను, నాకు తెలవదా? నాన్ననడిగేను, ఏడిచేడు, అంతా చెప్పేసేడు." చింతపండు పట్టుకున్న చెయ్యి నా నుదుటి మీద ఆగిపోయింది. "నాకు జొరమొచ్చినప్పుడు నువ్వున్నావు. కడుపులు పోయినప్పుడు నువ్వున్నావు. ఆవిడ లేదు. ఆవిణ్ణి చూత్తే జాలేత్తంది, కోపమొత్తంది. నన్నొదిలేసి ఎలా పోగలిగింది? అమ్మా అని పిలుద్దామని రాత్రంతా అనుకున్నాను. నాకు నోరు రాటం లేదమ్మా. నువ్వేవనుకున్నా సరే. నావల్ల కాదు."

దాని కన్నీళ్ళు నా బుగ్గ మీద పడి పసుపు కారిపోయింది. పిచ్చిపిల్లా, నేను నీకెవర్ని? ఎవడో దొర అడిగిన దేవుణ్ణి, ఎవరి నవ్వునో అరువు తెచ్చుకున్న గచ్చుని. నీకు జ్వరమొచ్చినప్పుడు నేను లేను. నేనెప్పుడూ లేను. ఉన్నదల్లా కింద కూర్చున్న ఆ మనిషే. ఈ మాట ఒక్కటి చెప్పగలిగితే, ఆ తరవాత నా మీద పిడుగు పడినా సరేననిపించింది. బుచ్చన్న నాకు పెదవులు చేశాడు, ఊపిరి చెయ్యలేదు. ఆ రోజు ఆ మేస్త్రిని నోరారా తిట్టుకున్నాను.

కింద పిల్ల ఏడుపు అందుకుంది. ముసలిది ఊపుతోంది, జోకొడుతోంది, ఏమి పాడాలో తోచక తడబడుతోంది. చంటిదాన్ని ఎత్తుకుని ఎన్నేళ్ళయిందో. మరిడి గబగబా బొట్టు పెట్టేసి దిగింది. ముసలిది తప్పు చేసినదానిలా లేచి, పిల్లను రెండు చేతులా ముందుకు చాచింది. "ఇదిగో తల్లీ, నీ బిడ్డ. నా దగ్గర ఉండటం లేదు."

మరిడి చేతులు చాచలేదు. తడి చేతులు చెంగుకు తుడుచుకుంది. ఆ తరవాత ముసలిదాని ముఖం వంక చూడకుండా పిల్ల మీదికి వంగి, పిల్లతోనే అంది.

"ఎందుకే ఏడుపు? ఎత్తుకుంది మీ అమ్మమ్మేగా."

లోవయ్య చేతిలోంచి నిచ్చెన జారి గోడకు కొట్టుకుంది. ముసలిది చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. ఆ మాట తనదేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది, వెనక స్తంభం తప్ప ఎవరూ లేరు. అప్పుడు మెల్లిగా పిల్లను గుండెకు అదుముకుంది. మరిడి పసుపు గిన్నె తీసుకుని మెట్లు దిగి, ఇంటి వైపు నడిచింది. రమ్మని పిలవలేదు, వద్దనీ అనలేదు. పిల్లను మాత్రం అడగలేదు.

ముసలిది చీపురు అక్కడే వదిలేసి, పిల్లను ఎత్తుకుని ఆమె వెనకాలే వెళ్ళింది.